డేటా ఎక్కడికి పోతోందో ఫోనునే అడగండి

కొత్తగా విదేశానికి వచ్చినవారు మొదటి రెండు మూడు నెలల్లో తప్పకుండా అడిగే సందేహం ఇది: "నేను పెద్దగా ఏమీ చూడటం లేదండీ. అయినా నెల సగం కాకముందే డేటా అయిపోయిందని మెసేజ్ వచ్చింది. ఎందుకిలా?" కొందరు నెట్‌వర్క్ కంపెనీ లెక్కనే అనుమానించి వెంటనే సిమ్ మార్చేద్దామనుకుంటారు. ఆ పని చేసేముందు ఒక్క పావుగంట ఫోను సెట్టింగ్స్ ముందు కూర్చోండి. ఏ యాప్ ఎంత వాడిందో ఫోను దగ్గర లెక్క ఉంది. ఆండ్రాయిడ్‌లో ఈ సదుపాయం 2011లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి ఉంది. ఐఫోన్‌లో యాప్‌ల వారీ లెక్క 2013 నాటి ఐఓఎస్ 7 నుంచి కనిపిస్తోంది. అయినా ఆ పేజీ ఒక్కసారి కూడా తెరవనివారే ఎక్కువ.

మనవాళ్లకు ఈ ఇబ్బంది రావడానికి కారణం ఉంది. స్వదేశంలో చాలామందికి రోజుకు ఇంత అని కోటా ఇచ్చే ప్లాన్లు అలవాటు. ఒక రోజు కోటా దాటిపోయినా అర్ధరాత్రి తర్వాత కొత్త కోటా మొదలవుతుంది. బయటి దేశాల్లో ఎక్కువగా నెల మొత్తానికి కలిపి ఒకే కోటా ఉంటుంది. మొదటి వారంలో చేజారినది చివరి వారంలో గానీ తెలియదు. కోటా అయిపోయాక కొన్ని ప్లాన్లలో వేగం బాగా తగ్గిపోతుంది, కొన్నిటిలో అదనపు రుసుము పడుతుంది. మీది ఏ రకమో ముందే చదివి తెలుసుకోండి. పైగా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చేదాకా చదువు, ఉద్యోగం, ఇంటివాళ్లతో మాటలు అన్నీ ఆ సిమ్ మీదే నడవాలి. ఫోను మాత్రం పాత ప్లాన్‌కు తగ్గట్టు పెట్టుకున్న సెట్టింగులన్నిటితోనూ విమానం దిగుతుంది. నేను చూసినంతలో అసలు చిక్కు అక్కడే ఉంటోంది.

అన్నిటికంటే ముందు సరిచేయవలసింది తేదీ. మీ బిల్లు కాలం ఏ తారీఖున మొదలవుతుందో చూడండి, అది ఒకటో తారీఖే కానక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్ సెట్టింగుల్లో డేటా వినియోగం చూపే చోట ఆ తేదీని మార్చుకోవచ్చు. అక్కడే హెచ్చరిక ఎప్పుడు రావాలో, ఎంతకు చేరాక మొబైల్ డేటా దానంతటదే ఆగిపోవాలో కూడా పెట్టుకోవచ్చు. కోటాలో సగానికి హెచ్చరిక పెట్టుకోమని నా సలహా. నెల సగానికి ముందే అది మోగితే సర్దుకోవడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. ఐఫోన్‌లో ఈ సౌకర్యం లేదు. మొబైల్ డేటా పేజీలో ప్రస్తుత కాలం అని కనిపించే అంకె ఈ నెలది కాదు, మీరు చివరిసారి గణాంకాలను రీసెట్ చేసినప్పటి నుంచి పేరుకున్న మొత్తం. ఎప్పుడూ రీసెట్ చేయకపోతే ఆ అంకె చూసి గాభరా పడటం తప్ప ప్రయోజనం లేదు. ఆ పేజీలో అట్టడుగున రీసెట్ ఉంటుంది, బిల్లు కాలం మొదలైన రోజున దాన్ని నొక్కేలా ఫోనులోనే గుర్తుచేసే అలారం పెట్టుకోండి.

ఇప్పుడు జాబితా చూడండి. ఎక్కువ వాడిన యాప్ పైన ఉంటుంది. చాలామంది ఆ పేరు చూసి అక్కడే ఆగిపోతారు. ఆండ్రాయిడ్‌లో ఆ పేరు మీద నొక్కితే రెండు అంకెలు వస్తాయి: మీరు యాప్ తెరిచి ఉంచినప్పుడు అయిన ఖర్చు, తెర వెనుక దానంతటదే చేసిన ఖర్చు. ఈ రెండో అంకెలోనే అసలు సంగతి ఉంటుంది. మీరు కూర్చుని వీడియో చూస్తే అది మీకు తెలిసిన ఖర్చు. మీరు నిద్రపోతున్నప్పుడు జరిగేది మీ అనుమతి పాతది ఎక్కడో మిగిలిపోయి ఉండటం వల్ల జరిగేది.

మా ఊరికి చదువుకోవడానికి వచ్చిన ఒక అబ్బాయి ఫోనులో ఇలాగే చూశాం. జాబితాలో అన్నిటికంటే పైన ఫొటోల యాప్ ఉంది. ముందు అంకె చాలా చిన్నది, వెనుక అంకె కొన్ని గిగాబైట్లు. మొబైల్ డేటా మీద కూడా ఫొటోలు, వీడియోలు బ్యాకప్ కావాలని అతను ఎప్పుడో స్వదేశంలో అనుమతి ఇచ్చాడు. అక్కడ రోజూ మిగిలిపోయే డేటాతో అది సాగిపోయింది. ఇక్కడికి వచ్చాక కొత్త ఊరు, కొత్త కాలేజీ, రోజుకు పదుల కొద్దీ వీడియోలు తీసి అమ్మానాన్నలకు పంపేవాడు. పంపినది ఒకసారి, బ్యాకప్ రూపంలో పైకి వెళ్లినది మరోసారి. పైకి ఎక్కించే డేటా కూడా కోటాలోంచే పోతుందన్న సంగతి చాలామందికి స్ఫురించదు. ఆ ఒక్క మీట ఆపి, బ్యాకప్‌ను వైఫై ఉన్న చోటుకు పరిమితం చేశాం. ఐఫోన్ వాడేవారు ఐక్లౌడ్ ఫొటోలకు సంబంధించిన మొబైల్ డేటా అనుమతిని ఇదే విధంగా చూసుకోవాలి.

తర్వాతది వాట్సాప్, మనందరి ప్రాణం అందులోనే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. దాని సెట్టింగ్స్‌లో స్టోరేజ్, డేటా విభాగంలోకి వెళ్తే నెట్‌వర్క్ వినియోగం అని ఒక పేజీ ఉంటుంది. కాల్స్‌కు ఎంత, ఫొటోలు, వీడియోలకు ఎంత, స్టేటస్‌లకు ఎంత, పంపినది ఎంత, అందుకున్నది ఎంత, అన్నీ విడివిడిగా చూపిస్తుంది. వీడియో కాల్ గంటకు ఎంత తింటుందని నన్ను అడిగేవారికి నేను చెప్పేది ఒకటే: అది అవతలివారి నెట్‌వర్క్‌ను, మీ ఫోనును బట్టి మారుతుంది, మీ లెక్క మీరే కట్టుకోండి. ఈ పేజీలో గణాంకాలు రీసెట్ చేసి, ఇంటికి మామూలుగా చేసే కాల్ ఒకటి చేసి, మళ్లీ చూస్తే సరి. ఎక్కువనిపిస్తే కాల్స్‌కు తక్కువ డేటా వాడే మీట ఆ విభాగంలోనే ఉంది. కుటుంబ గ్రూపుల్లో వచ్చే వీడియోల సంగతి వేరు. వాటంతటవే డౌన్‌లోడ్ కావాలా అన్న ప్రశ్నకు ఆండ్రాయిడ్‌లో మొబైల్ డేటాకు, వైఫైకి, రోమింగ్‌కు విడివిడిగా జవాబు ఇవ్వవచ్చు. రోమింగ్ వరుస చూసి ధీమాగా ఉండకండి. ఇక్కడి సిమ్ వేసుకున్నాక మీరు రోమింగ్‌లో లేరు, మొబైల్ డేటా వరుసే వర్తిస్తుంది. అక్కడ వీడియోలకు టిక్ తీసేయండి. పెద్దలు పంపినవి చూడాలనుకుంటే వైఫై దగ్గర నొక్కి చూడవచ్చు.

వీడియో యాప్‌లకు చిన్న గణితం చాలు. వేగాన్ని బిట్లలో చెబుతారు, కోటాను బైట్లలో ఇస్తారు, ఎనిమిది బిట్లు ఒక బైటు. సెకనుకు 5 మెగాబిట్ల వీడియో గంటసేపు చూస్తే 2.25 గిగాబైట్లు పోతాయి. అదే లెక్కన సెకనుకు 320 కిలోబిట్ల నాణ్యతతో పాటలు గంటసేపు విన్నా 144 మెగాబైట్లే. బస్సులో పాటలు వినండి, సినిమా ఇంటి దగ్గర వైఫైలో డౌన్‌లోడ్ చేసుకుని చూడండి. మ్యాప్‌లు వీడియోతో పోలిస్తే తినేది తక్కువే, అయినా మీరు ఉండే ఊరి మ్యాప్‌ను ముందే దించుకుంటే దారి తప్పినప్పుడు సిగ్నల్ లేకపోయినా పనికొస్తుంది.

జాబితాలో హాట్‌స్పాట్ పేరు పైన కనిపిస్తే ల్యాప్‌టాప్ వైపు చూడాలి. ఫోను నుంచి వెళ్లే నెట్‌ను అది మామూలు వైఫై అనుకుని పెద్ద పెద్ద అప్‌డేట్లు దించుకుంటుంది. విండోస్‌లో ఆ కనెక్షన్‌ను మీటర్డ్ (అంటే డేటాకు పరిమితి ఉన్నది) అని గుర్తు పెడితే తగ్గుతుంది. ఐఫోన్‌లో 2015 నుంచి వైఫై అసిస్ట్ అని ఒకటి ఉంది. వైఫై బలహీనంగా ఉంటే చెప్పకుండా మొబైల్ డేటాకు మారుతుంది. హాస్టల్ గదుల్లో సిగ్నల్ అంతంత మాత్రంగా ఉన్నవారు దాన్ని తప్పక ఆపుకోవాలి. మొబైల్ డేటా పేజీలో అట్టడుగున, అది వాడిన మొత్తంతో సహా కనిపిస్తుంది.

బ్యాంకు ఓటీపీల కోసం స్వదేశపు సిమ్‌ను రెండో సిమ్‌గా ఉంచుకున్నవారికి ఒక మాట. ఎస్సెమ్మెస్ రావడానికి డేటా అక్కర్లేదు. ఆ సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేయండి. ఒక సిమ్ నుంచి మరో సిమ్ డేటాకు ఫోను దానంతటదే మారే అనుమతి ఉంటే దాన్నీ ఆపేయండి.

ఇవన్నీ చూపిస్తామంటూ వచ్చే యాప్‌లను మాత్రం తొందరపడి వేసుకోకండి. మీ డేటా అంతా తమ గుండా పంపమని అడిగే యాప్‌కు మీరు ఏ సమయంలో ఏ యాప్ వాడుతున్నారో తెలిసిపోతుంది. డేటా ఖర్చును లెక్కపెట్టే యాప్‌లు తయారుచేసిన ఒనావో అనే సంస్థను ఫేస్‌బుక్ 2013లో కొన్నది. దాని వీపీఎన్ యాప్ (ఫోను డేటా అంతా తన గుండా పంపించేది) ద్వారా జనం ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో సమాచారం సేకరించి సొంత వ్యాపారానికి వాడుకున్నారు. ఆ సంగతి వినియోగదారులకు సరిగా చెప్పనందుకు 2023లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఫేస్‌బుక్ అనుబంధ సంస్థలకు మొత్తం 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఫోనులో ఉన్న లెక్కే ఉచితం, క్షేమం.

ఇంత చేశాక కూడా ఫోను చూపే మొత్తానికీ కంపెనీ చూపే మొత్తానికీ కొద్దిపాటి తేడా ఉంటుంది, ఇద్దరూ లెక్కించే పద్ధతి, సమయం వేరు. గిగాబైట్ల తేడా కనిపిస్తే మాత్రం ఊరుకోకండి. బిల్లు కాలం ముగిసేలోపే యాప్‌ల వారీ జాబితాను స్క్రీన్‌షాట్లు తీసి, తేదీలతో సహా పంపి, రోజువారీ వినియోగం వివరాలు ఇవ్వమని కంపెనీని రాతపూర్వకంగా అడగండి.