ఎక్కుడులో ఇంజన్ అరుస్తోంది, బండి లాగట్లేదు: టైర్లా, క్లచ్చా?

బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కుతుంటే సన్నగా వాన పడుతోందని, లారీని దాటబోయి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్ అరిచిందే గానీ బండి ముందుకు పోలేదని, రోడ్డు మీద పట్టు తప్పినట్టనిపించిందని రాశారు. టైర్ల షాపాయన నాలుగూ మార్చాల్సిందే అన్నాడట. ఆగండన్నా, అప్పుడే డబ్బులు తీయొద్దు.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఇంజన్ బలం టైరు దాకా వచ్చి రోడ్డు మీద జారిపోయిందా, అసలు టైరు దాకా రానే లేదా? ఆ క్షణంలో మీటర్‌లో రెండు ముల్లులు ఏం చేశాయో గుర్తు చేసుకోండి. ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లుతో పాటు స్పీడు ముల్లు కూడా ఎగిరి, స్టీరింగ్ తేలికైపోయి, జారే కారు బొమ్మ ఉన్న లైటు మిణుకుమందంటే టైరు ఉన్నచోటే తిరిగినట్టు. ఆర్‌పీఎం ఒక్కటే పైకి పోయి స్పీడు అక్కడే ఉండిపోయిందంటే, ఇంజన్ బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించే క్లచ్ జారుతోంది. దానికి టైర్లేం చేస్తాయి పాపం.

మాకు రెండోదే అయింది. మాది పాత డీజిల్ హ్యాచ్‌బ్యాక్. ఇంటిల్లిపాదీ, డిక్కీ నిండా సామాను. అలిపిరిలో చెకింగ్ అయ్యి తిరుమల ఎక్కుతుంటే మూడో గేరులో 2,000 దగ్గర ఉండాల్సిన ముల్లు 3,000 దాటింది. బండి వేగం మాత్రం పెరగలేదు. కాసేపటికి కాలిన వాసన. ముందు పోయే బస్సు బ్రేకులదిలే అన్నాడు మా బావమరిది. ఎక్కే దారిలో, అదీ వన్‌వేలో, బ్రేకులు కాలేంతగా ఎవరు తొక్కుతారు? ఆ వాసన మా క్లచ్‌ది.

కిందికొచ్చాక రేణిగుంట రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు చూశాం. నాలుగో గేరులో 40 దగ్గర నిదానంగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. క్లచ్ బాగుంటే ఇంజన్ ముక్కుతూ మూలుగుతూ స్పీడు అందుకుంటుంది. జారుతుంటే ఆర్‌పీఎం ఒక్కసారిగా ఎగురుతుంది. మాది ఎగిరింది. ఈ పరీక్ష ఒకసారి చాలు, మళ్లీ మళ్లీ చేస్తే క్లచ్‌లో రాపిడితో పట్టుకునే ప్లేటు మిగిలింది కూడా కాలిపోతుంది.

మెకానిక్ ప్లేటు అరిగిపోయిందని అడగకముందే చెప్పేశాడు. గేర్‌బాక్స్ దించి చూస్తే ప్లేటు ఇంకా మందంగానే ఉంది, రివెట్లు పైకి తేలకుండా లోపలే ఉన్నాయి, అంటే అరగలేదు. కానీ రెండు ముఖాలూ నల్లగా, వేలు పెడితే జిడ్డుగా ఉన్నాయి. ఇంజన్ వెనక వైపు క్రాంక్ (ఇంజన్ తిప్పే ఇరుసు) దగ్గర ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలు కారి, ఆయిల్ ప్లేటు మీదికి చేరింది. ప్లేటు ఒక్కటి మార్చి బిగించేసి ఉంటే కొన్నాళ్లకే మళ్లీ ఇదే కథ. సీలు వందల్లో వస్తుంది, గేర్‌బాక్స్ దించే కూలి వేలల్లో అవుతుంది. కాబట్టి దించినప్పుడే ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కితే దాన్ని వదిలించే రిలీజ్ బేరింగ్ సెట్టుగా వేయించి, సీలు కూడా మార్పించండి. ప్లేటు ఆనే ఇంజన్ చక్రం, అదే ఫ్లైవీల్, మీద నీలం మచ్చలున్నాయేమో చూడమనండి, అవి వేడికి పడ్డ గుర్తులు. ఆ జిడ్డు గంధకం వాసన కొడితే అది గేర్ ఆయిల్, అప్పుడు కారేది గేర్‌బాక్స్ వైపు సీలు. పాత ప్లేటు మాత్రం మీ చేతికి ఇప్పించుకోండి. కాణిపాకంలో ప్రమాణం చేస్తానన్నా సరే, చూడకుండా బిల్లు కట్టొద్దు.

అంతకంటే ముందు ఖర్చు లేని పని ఒకటుంది. మీది కేబుల్ (తీగ)తో లాగే క్లచ్ అయితే, పెడల్ తొక్కగానే మొదట కాస్త బరువు లేకుండా కదిలే ఖాళీ ఆట ఉందో లేదో చూడండి. కేబుల్ మరీ బిగుతుగా ఉన్నా ప్లేటు పూర్తిగా అతుక్కోక జారుతుంది.

ఇక స్పీడు ముల్లు కూడా ఎగిరిందంటారా, అప్పుడు టైర్ల సంగతి. మామూలు డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) ఉన్న బండిలో ఒక ముందు చక్రం కంకర మీదో, లారీ కార్చిన డీజిల్ మీదో పడితే అదొక్కటే గిరగిరా తిరుగుతుంది, గట్టి రోడ్డు మీదున్న రెండోదీ ఏమీ లాగలేదు. మలుపుల్లో, ఎండలు కాసి పడ్డ మొదటి వానలో ఇది మామూలే. అలాంటిదైతే ఒక్కసారికి టైర్లు మార్చక్కర్లేదు. గాలి మాత్రం బండి చల్లగా ఉన్నప్పుడు, డోరు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్నంత పట్టించండి. గాడి లోతు చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు గానీ, వానల్లో ఘాట్ ఎక్కేవాళ్లు 3 దగ్గరే ఆలోచించుకోవడం మంచిది. టైరు పక్కన డీఓటీ అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. మన చిత్తూరు ఎండలకి గాడి నిండా ఉన్నా రబ్బరు గట్టిపడిపోతుంది, గోరు గుచ్చితే దిగదు. అలాంటి టైరు తడిలో జారుతుంది.

ఇంకోటి, వాటర్ వాష్‌లో టైర్లకు నల్లగా మెరిసే పాలిష్ కొడతారు చూడండి. అది పక్కలకే కొట్టాలి. కుర్రాళ్లు స్పాంజితో రోడ్డుకు ఆనే భాగం మీద కూడా రుద్దేస్తారు. వాష్ చేయించిన రోజే జారిందేమో గుర్తు తెచ్చుకోండి. రెండే టైర్లు కొనాల్సొస్తే కొత్తవి వెనక వేయించండి. ముందు చక్రాలు లాగే బండికి కొత్తవి ముందే వేయాలని షాపాయన వాదిస్తాడు. కానీ తడి మలుపులో వెనక జారితే మనలాంటివాళ్లు బండిని అదుపు చేయలేరు.

తేలేదాకా ఘాట్ల జోలికి పోకండి. తప్పదంటే కింది గేరులో, కాలు తేలిగ్గా పెట్టి ఎక్కండి, క్లచ్ మీద బరువు తగ్గుతుంది. తిరుమలకైతే ఎలాగూ 28 నిమిషాల లోపు పైకి చేరకూడదన్న రూలుంది, తొందరపడి చేసేదేం లేదు. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, క్లచ్ పెడల్ ఎంత పైకొచ్చాక బండి కదులుతోంది, ఈ రెండూ రాస్తే ఇంకాస్త కచ్చితంగా చెప్తాను.