ఇంట్లో చేసుకునే కలుపు మందు: వెనిగర్ సరే, ఉప్పు మాత్రం వద్దు

రాయగడలో కొత్తగా ఇల్లు కట్టుకున్నామని, టైల్స్ సందుల్లోనూ కూరగాయల మళ్లలోనూ కలుపు తెగ వస్తోందని, చిన్నపిల్లలు తిరిగే చోటు కాబట్టి బజారు మందు వద్దనుకుంటున్నామని మీరు రాశారు. వెనిగర్, ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ ఏ పాళ్లలో కలపాలని అడిగారు. పాళ్లు చెప్తాను గానీ, ముందు ఆ ఉప్పుతో నేను చేసుకున్న నష్టం వినండి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి మా పెరట్లో మామిడి, పనస రెండూ కూలిపోయాయి. అంతవరకు ఆ నీడన గడ్డి బాధే తెలీదు మాకు. నేలకి ఎండ తగిలింది, అంతే. మరుసటి వానాకాలానికి తుంగ, గరిక, గలిజేరు, వయ్యారిభామ అన్నీ పిలవని చుట్టాల్లా దిగిపోయాయి. నేనూ మీలాగే వీడియోలు చూశాను. లీటరు వెనిగర్‌కి గ్లాసుడు ఉప్పు, రెండు చెంచాల లిక్విడ్ కలిపి మిట్టమధ్యాహ్నం కొట్టాను. సాయంత్రానికి ఆకులన్నీ ఉడికిన తోటకూరలా వాలిపోయాయి. మా ఆయన్ని పిలిచి మరీ చూపించాను.

పదో రోజుకి తుంగ మళ్లీ లేచింది. పంతం కొద్దీ ఉప్పు పెంచి ఇంకో రెండుసార్లు కొట్టాను. తర్వాత గట్టి వాన పడింది, ఆ నీళ్లన్నీ పల్లంలో ఉన్న కరివేపాకు మొక్క దగ్గరికి చేరాయి. కొన్నాళ్లకి దాని ఆకుల అంచులు అగరొత్తితో కాల్చినట్టు గోధుమ రంగుకి తిరిగాయి. వాన తెరిపిచ్చి మన్ను ఆరితే పైన తెల్లగా పొర కట్టింది. బకెట్లు బకెట్లు నీళ్లు పోసినా ఆ మొక్క దక్కలేదు. ఆ తర్వాతి ఏడు అదే చోట మెంతులు జల్లితే నాలుగు మొలకలు కూడా సరిగ్గా రాలేదు. తుంగ మాత్రం నిక్షేపంగా ఉంది!

సంగతేంటంటే, వంటింటి వెనిగర్‌లో అసిటిక్ ఆసిడ్ నాలుగైదు శాతమే ఉంటుంది. అది తగిలిన ఆకును కాలుస్తుంది తప్ప వేరు దాకా పోదు. రెండు మూడు ఆకుల వయసున్న లేత మొలకలైతే చస్తాయి. వేరులో, దుంపలో తిండి దాచుకున్నవి మళ్లీ చిగురిస్తాయి. లిక్విడ్ చేసేదల్లా మందు ఆకుమీద నుంచి జారిపోకుండా అంటిపెట్టడమే, లీటరుకి అర చెంచా చాలు. ఇక ఉప్పులోని సోడియం నేలలోనే ఉండిపోతుంది, వానకి పక్క మళ్లలోకీ పాకుతుంది. వంటసోడా చల్లమనేవాళ్లూ ఉన్నారు, అందులో ఉన్నదీ సోడియమే. వెనిగర్ చాలట్లేదని కెమికల్ షాపులో గాఢమైన ఆసిడ్ మాత్రం కొనకండి. చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

గోమూత్రం కూడా ప్రయత్నించాను. నీళ్లు కలపకుండా కొడితే ఆకులు మాడాయి. తర్వాత వానకి అదే ఎరువై కలుపు ఇంకా పచ్చగా లేచింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

టైల్స్ సందులకి నేను తేల్చుకున్న మందు మరిగే నీళ్లు, అంతకు మించింది లేదు. పెద్ద గిన్నెడు నీళ్లు తెర్లనిచ్చి, సందులోకి మొక్క మొదట్లో పడేలా మెల్లగా పోయాలి. వారం పది రోజులకోసారి మూడు సార్లు పోస్తే చాలావరకు చస్తాయి. కాళ్లకి బూట్లుండాలి, పిల్లలు ఇంట్లో ఉండాలి. అన్నం వార్చిన గంజి ఎందుకు పారేయాలని అదీ పోసి చూశాను. గడ్డి మాడింది గానీ మర్నాటికి ఊళ్లో చీమలన్నీ మా గచ్చు మీదే.

మళ్లలో పద్ధతి వేరు. అక్కడ కలుపుకి వెలుతురు అందకుండా చేయాలి. మా ఇంటికి తెలుగు పేపరూ, ఒడియా పేపరూ రెండూ వస్తాయి. పాతవి ఎనిమిది పది పొరలుగా పరిచి, తడిపి, పైన నాలుగు అంగుళాల మందాన వరిగడ్డి వేశాం. గలిజేరు, పాయలకూర మొలకలు దాదాపు ఆగిపోయాయి. మొక్క కాండానికి మాత్రం జానెడు దూరం వదలండి, లేకపోతే చెదలు. వానాకాలం నత్తలు కూడా చేరతాయి, పొద్దున్నే ఏరుకోవాలి. ఖాళీగా ఉన్న మడిలో చిలగడదుంప తీగ నాటేశాను. అది పాకి నేలని కప్పేసింది, పైగా దుంపలు మిగిలాయి.

తుంగకి ఇవేవీ చాలవు. కాగితాన్నీ, నల్ల ప్లాస్టిక్‌నీ కూడా సూదిలా పొడుచుకుని వస్తుంది. పక్కింటి ఒడియా మౌసీ (పిన్నిగారు) ఓ రోజు బొరిగె తీసుకుని కూర్చుని, ‘ముథా ఘాస’ అంటూ ఒక మొక్కని లోతుగా తవ్వి నా చేతిలో పెట్టింది. దారానికి గుచ్చిన నల్లపూసల్లా ఒకదాని వెనక ఒకటి నాలుగు దుంపలు. పైన పీకితే దారం తెగుతుంది, కింద నిద్రపోతున్న పూసలు ఒక్కొక్కటీ మొలకెత్తుతాయి. అందుకే వాన వెలిసి నేల మెత్తగా ఉన్నప్పుడు దుంపతో సహా తీయాలి. మిగిలినవి మొలిచిన రెండు వారాల్లోపే మళ్లీ తీసేయాలి, కొత్త దుంప కట్టే వ్యవధి ఇవ్వకూడదు. రెండు వానాకాలాలు పట్టింది నాకు. ఇప్పుడు తుంగ అక్కడక్కడా కనిపిస్తుంది, అంతే.

ఏప్రిల్, మే నెలల్లో మడి ఖాళీగా ఉంటే నేల బాగా తడిపి, పారదర్శకంగా ఉండే పల్చటి పాలిథిన్ పరిచి, అంచులు మట్టితో కప్పేసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. ఆ వేడికి పైపొరలోని విత్తనాలు చాలా చచ్చిపోతాయి. లోతున ఉన్న తుంగ దుంపలకి పూర్తిగా పనిచేయదు.

వయ్యారిభామని పూత రాకముందే పీకండి, చేతులకి గ్లవుజులు తప్పనిసరి, ఒళ్లు దద్దుర్లు లేస్తుంది. గలిజేరు, పొన్నగంటి లాంటివైతే పారేయక్కర్లేదు. మా మౌసీ వాటిని ‘పురుణి శాగ’, ‘మదరంగ’ అంటూ కొంగులో వేసుకుని పోతుంది. ఏ మందూ పడని చోటువే కోసుకోవాలి సుమండీ.

బజారు మందు వద్దనుకోవడం మంచిదే. గ్లైఫోసేట్ అనే కలుపు మందుని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబర్‌లో ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ అనే ఇంకో కలుపు మందు పొరపాటున గొంతులోకి పోతే దానికి విరుగుడే లేదు. పిల్లలున్న ఇంట్లో ఆ సీసా ఉండకూడదు.

ఇక మీరడిగిన పాళ్లు: లీటరు వెనిగర్, అర చెంచా లిక్విడ్, ఉప్పు సున్నా. వాన సూచన లేని రోజు ఎండలో, లేత మొలకల మీద మాత్రమే. గరికని నేను పూర్తిగా తీయలేదు. గేటు పక్కన ఓ మూల వదిలేశాను, వినాయక చవితికి మా వీధి వాళ్లందరూ గరిక కోసం మా ఇంటికే వస్తారు.