వాడేసిన వేప్ పాడ్‌లను ఇంట్లో బాగుచేసి ఇస్తే కేసు అవుతుందా?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా తమ్ముడు బీటెక్ చివరి సంవత్సరం. స్నేహితులు వాడేసిన వేప్ పాడ్‌లు (ఇ-సిగరెట్లలో లిక్విడ్ ఉండే చిన్న డబ్బీలు) తెచ్చుకుని, విప్పి, లిక్విడ్‌ను వేడిచేసే కాయిల్, దూది మార్చి, లిక్విడ్ నింపి, కంపెనీ పేరున్న అట్టపెట్టెలో పెట్టి తిరిగి ఇస్తున్నాడు. ఒక్కోదానికి 200 రూపాయలు ఫోన్‌పేలో తీసుకుంటాడు. అదేమంటే, ‘నేను కొత్తవి అమ్మట్లేదు, ఇది సెల్‌ఫోన్ రిపేరు లాంటిదే. పైగా కొన్నిట్లో నికోటినే ఉండదు’ అంటాడు. 40 పాడ్‌లు, రెండు లిక్విడ్ సీసాలు, ఆన్‌లైన్‌లో తెప్పించిన కాయిల్ ప్యాకెట్లు వాడి గదిలోనే ఉన్నాయి. ఇల్లు నాన్నగారి పేరున ఉంది. ఇది నేరమా? పోలీసులు వస్తే ఎవరి మీద కేసు పెడతారు?

జవాబు: నేరమేనమ్మా. మీ తమ్ముడు చెప్పే రెండు వాదనలూ చట్టం ముందు నిలవవు. ఎందుకు నిలవవో చట్టంలోని మాటలతోనే చెబుతాను, ఆ అబ్బాయికి చదివి వినిపించండి.

ఎలక్ట్రానిక్ సిగరెట్లను (ఇ-సిగరెట్లను) నిషేధిస్తూ 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో దాని స్థానంలో పార్లమెంటు చేసిన ఇ-సిగరెట్ల నిషేధ చట్టం (2019లోని 42వ నంబరు చట్టం) వచ్చింది. ఆ సెప్టెంబర్ తేదీ నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క. ఏదైనా పదార్థాన్ని వేడిచేసి, పీల్చుకునేందుకు ఆవిరి పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరం ఏదైనా ఈ చట్టం కింద ఇ-సిగరెట్టే. ‘నికోటిన్ ఉన్నా లేకపోయినా’ అని నిర్వచనంలోనే ఉంది. పేరు, ఆకారం, సైజు ఏవైనా సరే. బయట ఉంచింది ఒక్కటే, డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్సు పొందిన మందులు. కాబట్టి నికోటిన్ లేని లిక్విడ్ అన్న వాదన అక్కడితో సరి.

ఇక రిపేరు సంగతి. ‘తయారీ’ అంటే కొత్త వస్తువును ఫ్యాక్టరీలో చేయడం అని మనం అనుకుంటాం. ఈ చట్టంలో అలా లేదు. ఇ-సిగరెట్‌ను గానీ, దానిలోని ఏ భాగాన్ని గానీ చేయడం, కూర్చడం, అందుకు అనుబంధంగా ఉండే ఉపప్రక్రియలు అన్నీ తయారీ కిందకే వస్తాయి. పాడ్ మూత ఊడదీసి, కాలిపోయిన దూది తీసి కొత్తది దూర్చి, కాయిల్ బిగించి, రబ్బరు సీలు వేసి మళ్లీ మూయడం కూర్చడం కాక మరేమిటి? సెల్‌ఫోన్‌తో పోలిక ఇక్కడే చెడుతుంది. సెల్‌ఫోన్ నిషిద్ధ వస్తువు కాదు, దాని రిపేరు మీద ఆంక్ష లేదు. ఇక్కడ వస్తువుతో పాటు దాని విడిభాగాలూ నిషిద్ధమే. 4వ సెక్షన్ ‘పూర్తి వస్తువుగా గానీ, ఏ భాగంగా గానీ’ ఉత్పత్తి, తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ చేయకూడదంటుంది. విదేశం నుంచి కాయిల్ ప్యాకెట్ తెప్పించుకుంటే అది దిగుమతి. కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే 1962 నాటి కస్టమ్స్ చట్టం కింద జప్తు, పెనాల్టీ వేరే ఉంటాయి. స్కూటర్ డిక్కీలో పాడ్‌లు వేసుకుని స్నేహితుడికి ఇచ్చి రావడం రవాణా. డబ్బు తీసుకోకుండా శాంపిల్‌గా ఇచ్చినా పంపిణీయే. ‘ఇలా మార్చుకోవచ్చు’ అని రీల్ చేసి పెడితే ప్రకటన అనే మరో తప్పు తోడవుతుంది.

ఈ 4వ సెక్షన్ ఉల్లంఘనకు మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. ఈ నేరం కాగ్నిజబుల్, అంటే పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి కోసం ఆగకుండా ఎఫ్‌ఐఆర్ కట్టవచ్చు. మొదటిసారి శిక్ష మూడేళ్ల లోపే కాబట్టి బెయిల్ ఇవ్వదగిన నేరమే. రెండోసారికి ఆ వెసులుబాటు ఉండదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం ఆ అట్టపెట్టె. మరొకరి కంపెనీ పేరు, గుర్తు ఉన్న పెట్టెలో ఇంట్లో నింపిన పాడ్ పెట్టి ఇస్తే 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 103, 104 సెక్షన్లు వస్తాయి. అక్కడ ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. తీసుకున్నవాడు కొత్త సరుకనుకుని డబ్బిచ్చాడని తేలితే భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసం, దానికి ఏడేళ్ల వరకు. చిన్న పాడ్ కేసు ఇలా పెద్ద కేసుగా పెరుగుతుంది. విద్యుత్ నిరోధం సరిపోని కాయిల్ వేస్తే బ్యాటరీ మీద భారం పెరిగి వేడెక్కుతుంది. సీలు కుదరకపోతే లిక్విడ్ కారుతుంది, నికోటిన్ చర్మం గుండానూ ఒంట్లోకి చేరుతుంది. దానివల్ల ఎవరికైనా తీవ్ర గాయమైతే న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద, నిర్లక్ష్యం వల్ల కలిగిన హాని అని, మూడేళ్ల వరకు పడవచ్చు.

మరో మాట కచ్చితంగా అడగండి. వచ్చే పాడ్‌లలో గంజాయి నూనె ఉన్నవి ఏవైనా ఉన్నాయా? ఆ నూనె, అంటే హషీష్ నూనె, మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్)లో చరస్ నిర్వచనంలోకి వస్తుంది. తూకం వేసేటప్పుడు అందులో కలిపిన ఇతర ద్రవంతో సహా మొత్తం బరువును లెక్కిస్తారు, 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. ఒక్క పాడ్ దొరికినా కేసు తీరే మారిపోతుంది.

నాన్నగారి విషయం. ఇ-సిగరెట్ల చట్టం 5వ సెక్షన్ ఇంటి యజమాని మీద గానీ, ఇంట్లో ఉంటూ అజమాయిషీ ఉన్నవారి మీద గానీ ఉంటుంది. ‘తెలిసి’ సరుకు నిల్వకు చోటిస్తేనే నేరం. శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఆయనకు ఏమీ తెలియకపోతే ఆయన మీద ఈ కేసు నిలవదు. కానీ మూసిన గదిలో రోజూ పార్సిళ్లు విప్పుతుంటే తెలియదన్న మాటను నమ్మించడం కష్టం. ఆయన దగ్గర దాచకండి. తెలిసిన రోజునే ఆపించడమే ఆయనకు రక్షణ. ‘సొంతానికి వాడుకోవడం’ గురించి చట్టంలో విడిగా నిషేధం లేదన్నది నిజమే. అయితే ఏ రూపంలో, ఎంత పరిమాణంలో దగ్గర ఉంచుకున్నా ఉల్లంఘనే అని కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో చెప్పింది. ఆ చర్చ ఎలా ఉన్నా, 40 పాడ్‌లను సొంత వాడకం అని ఏ కోర్టూ అనుకోదు. ఫోన్‌పేలో 200 చొప్పున పడిన వరుస, వాట్సాప్‌లో ‘రెడీ అయిందా అన్నా’ అన్న మెసేజ్‌లు అమ్మకానికి సాక్ష్యాలు.

ఇప్పుడేం చేయాలి? ఈ రోజే పని ఆపాలి. కొత్త పాడ్ తీసుకోవద్దు, నింపినదీ తిరిగి ఇవ్వొద్దు. ‘నీది నువ్వు పట్టుకెళ్లు’ అని స్నేహితులకు పంచేస్తే అది పంపిణీ. కాల్చడం, డ్రైనేజీలో పారబోయడం, చాట్‌లు చెరిపేయడం చేయొద్దు. అలా చేస్తే సాక్ష్యం మాయం చేశారని న్యాయ సంహిత 238వ సెక్షన్ మెడకు చుట్టుకుంటుంది. పైగా లిథియం సెల్ చెత్తబుట్టలో నలిగితే మంటలు లేస్తాయి. ఉన్నవాటిని లెక్కపెట్టి జాబితా రాసి, క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని కలవండి. ఆయన ద్వారా రాతపూర్వకంగా, ఈ చట్టం కింద అధికారం ఉన్న అధికారికి అప్పగించడం ఒక దారి. దానివల్ల కేసు రాదని నేను హామీ ఇవ్వను. అందుకే న్యాయవాది లేకుండా మీరే స్టేషన్‌కు వెళ్లి వివరణలు రాసివ్వొద్దు. స్తోమత లేకపోతే 15100 నంబరుకు ఫోన్ చేసి న్యాయ సేవాధికార సంస్థ సాయం అడగండి.

పోలీసులే వస్తే, ఈ చట్టం కింద వారంట్ లేకుండా లోపలికి వచ్చి సోదా చేసే అధికారం ఎస్సై హోదాకు తగ్గని అధికారికి ఉంది. అడ్డుపడకండి. వచ్చిన అధికారి పేరు, హోదా అడగండి. సోదా, జప్తు వీడియో తీయాలని క్రిమినల్ కేసుల విధానాన్ని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది, తీస్తున్నారో లేదో చూడండి. పంచనామాలో పాడ్‌ల సంఖ్య, లిక్విడ్ సీసాల మీది లేబుళ్లు సరిగా రాశారో చదివాకే సంతకం పెట్టండి, ప్రతి తీసుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఇంత తక్కువ శిక్ష ఉన్న కేసులో సాధారణంగా అరెస్టు చేయకుండా, అదే సంహిత 35(3) సెక్షన్ కింద హాజరు కమ్మని నోటీసు ఇచ్చి పిలుస్తారు. ఆ తేదీకి తప్పకుండా హాజరైతే, అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాయాల్సి ఉంటుంది. 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు నుంచీ ఇదే పద్ధతి.

తమ్ముడు బీటెక్ అయ్యాక పైచదువుకు వెళ్లాలనుకుంటే ఇదీ చెప్పండి. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుండగా కోర్టు అనుమతి లేకుండా పాస్‌పోర్టు రావడం కష్టం. అమెరికా వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, కేసు కొట్టేసినా ఆ ప్రశ్నకు నిజమే రాయాలి. ఆ అబ్బాయికీ అలవాటుంటే, 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది, మానడానికి సలహా 1800-112-356లో ఉచితం.