పాఠకుల ప్రశ్నలు: ‘ఆపల విమాన్’ అన్న ఆజీ మాట

ప్రశ్న: మాది బల్లార్షా. మా తాతగారు బొగ్గు గనిలో పనికి కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా పక్కింట్లో రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక బెనె ఇజ్రాయెల్ కుటుంబం ఉంటుంది. వారు మరాఠీ మాట్లాడే యూదులు. ఆ ఇంటి పెద్దావిడను వీధిలో అందరమూ ఆజీ అనే పిలుస్తాము. ఆమె కొడుకు ఇజ్రాయెల్‌లోని అష్డోద్‌లో ఉంటాడు. 2019లో అక్కడికి వెళ్ళడానికి టికెట్లు చూసిపెట్టమని ఆమె అడిగితే, ఢిల్లీ నుంచి వెళ్ళే ఎయిర్ ఇండియా విమానం చూపించాను. గ్రాండ్ ట్రంక్ ఎక్కితే రైలు మారకుండా ఢిల్లీలో దిగవచ్చు, విమానంలో కూర్చునే సమయమూ తగ్గుతుంది. ఆజీ ఒప్పుకోలేదు. పెట్టెలతో రైలు మారి ముంబై చేరి, ఇజ్రాయెల్ జాతీయ విమాన సంస్థ ఎల్ అల్ విమానమే ఎక్కుతానన్నారు. కారణం అడిగితే ‘ఆపల విమాన్’, మన విమానం, అని ఒక్క మాటతో సరిపెట్టి, ప్రయాణం ముందు మొక్కు తీర్చుకున్న మలీదా ఒక పళ్ళెంలో పెట్టి నా చేతికిచ్చారు. డెబ్బై దాటిన మనిషికి ఇంత పట్టుదల ఎందుకు? దీన్ని అభిమానం అనాలా, మొండితనం అనాలా?
– ఒక పాఠకుడు, బల్లార్పూర్, చంద్రపూర్ జిల్లా

జవాబు: ముందుగా మీ లెక్క సరైనదేనని చెప్పాలి. 2018 మార్చి 22న ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి టెల్ అవీవ్‌కు నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు, సౌదీ అరేబియా తన గగనతలం మీదుగా దానికి దారి ఇచ్చింది. అదే దారి ఇజ్రాయెల్ విమానాలకు అప్పట్లో మూసి ఉండేది కాబట్టి, ముంబై నుంచి బయలుదేరిన ఎల్ అల్ విమానం అరేబియా సముద్రం మీదుగా దక్షిణానికి దిగి, ఏడెన్ సింధుశాఖ దాటి, ఎర్ర సముద్రం వెంట మళ్ళీ ఉత్తరానికి ఎక్కవలసి వచ్చేది. తేడా దాదాపు రెండు గంటలు. ఈ తేడాతో తమకు అన్యాయం జరుగుతున్నదని ఎల్ అల్ తన దేశపు సుప్రీంకోర్టుకే వెళ్ళింది, అంటే మీరు ఆజీకి చెప్పిన మాటనే ఆ సంస్థ న్యాయస్థానంలో చెప్పిందన్నమాట. 2022లో సౌదీ ఆ దారిని అందరికీ తెరిచింది. అందువల్ల ఆజీ మీ లెక్కను కాదనలేదు. ఆమె వేరే లెక్కలో ఉన్నారు, దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఎల్ అల్ పుట్టుకే వింతగా జరిగింది. ఇజ్రాయెల్ ఏర్పడిన 1948లోనే, దేశాధినేతగా ఎన్నికైన ఖయిమ్ వైజ్‌మాన్‌ను జెనీవా నుంచి తీసుకురావలసి వచ్చింది. యుద్ధం నడుస్తున్న రోజులు కావడంతో ఆ దేశపు సైనిక విమానం అక్కడ దిగడానికి వీలులేదు. అందుకని సెప్టెంబరులో ఒక సైనిక రవాణా విమానానికి రంగు మార్చి, పక్కన ‘ఎల్ అల్’ అని రాసి, పౌరవిమానంగా పంపారు. సంస్థ రిజిస్ట్రేషన్ నవంబరులో జరిగింది. పేరు ముందు, విమానం తరువాత, కంపెనీ ఆ తరువాత! ఆ పేరు హోషేయ గ్రంథంలోని మాట, ‘పైకి’ అని దాని భావం. తమ దేశం నిలుస్తుందో లేదో తెలియని రోజున ఎగిరిన విమానం కాబట్టి, ఆ తరం యూదులకు దాని తోక మీది జెండా కేవలం కంపెనీ గుర్తు కాలేదు.

ఇక్కడ ఒక సవరణ అవసరం. 1949, 1950లలో యెమెన్ నుంచి సుమారు 50,000 మంది యూదులు విమానాలలో వచ్చారు. గద్ద రెక్కల మీద మోసి తెచ్చానని నిర్గమకాండంలో దేవుడు చెప్పిన మాటను తలుచుకుంటూ వారు విమానం ఎక్కారని అనేక ఇళ్ళలో చెప్పుకుంటారు. అయితే ఆ విమానాలలో అధికభాగం అమెరికా సంస్థలు నడిపినవి. జ్ఞాపకం ఆ రెక్కలన్నిటినీ క్రమంగా ఒకే విమానానికి తగిలించింది. నిజంగా ఎల్ అల్‌కు చెందవలసిన కీర్తి 1991 మే నెలలో వచ్చింది. ఇథియోపియా రాజధానిని తిరుగుబాటు సేనలు చుట్టుముడుతుండగా, 36 గంటల్లో 14,000కు పైగా యూదులను ఆడిస్ అబాబా నుంచి తరలించారు. సీట్లు పీకేసిన ఒక బోయింగ్ 747లో 1,080 మందికి పైగా కూర్చున్నారు. దారిలోనే కాన్పులు కూడా జరిగాయి. ఒక విమానంలో ఇంతమంది ప్రయాణించడం ఇప్పటికీ రికార్డు. అదే ఏడాది ఆరంభంలో ఇరాక్ క్షిపణులు పడుతున్నప్పుడు విదేశీ సంస్థలు చాలావరకు టెల్ అవీవ్ రావడం మానేస్తే, ఎల్ అల్ మానలేదు. 2023 అక్టోబరు తరువాతా అదే జరిగింది. కొడుకు అక్కడ, తల్లి బల్లార్షాలో ఉన్న ఇంటికి ఇది వార్త కాదు, సొంత సంగతి. మిగతావాళ్ళు రానిరోజున ఏ విమానం వస్తుందో ఆజీకి తెలుసు, మామూలు రోజున కూడా దానికే టికెట్ డబ్బు ఇవ్వడం ఆమె దృష్టిలో న్యాయం.

ఇంకొకటి, ఆ విమానం ఎక్కేముందు జరిగే విచారణ. మూడు గంటల ముందే రమ్మంటారు. సంచి ఎవరు సర్దారు, సర్దిన తరువాత ఎక్కడ ఉంచారు, ఎవరైనా ఏదైనా ఇచ్చి పంపారా అని ఒక్కొక్కరినీ నిలబెట్టి అడుగుతారు. మీ వీధివారు అష్డోద్ కొడుక్కి పంపే ఊరగాయ సీసా గురించి కూడా ఆజీ అక్కడ జవాబు చెప్పే ఉంటారు. 1986 ఏప్రిల్‌లో లండన్ హీత్రూలో, ఏమీ తెలియని ఒక గర్భిణి సంచిలో ఆమె ప్రియుడు దాచిన పేలుడు పదార్థం బయటపడింది ఇలాంటి విచారణ తరువాత జరిగిన తనిఖీలోనే. మూడు వందల డెబ్బై మందికి పైగా బతికారు. మనకు విసుగు పుట్టించే ఆ ప్రశ్నలు ఆమెకు ఇంటి పెద్దలు గుమ్మం దగ్గర అడిగే జాగ్రత్తల లాగా వినిపిస్తాయి.

మనకు అలాంటి అభిమానం లేదని అనుకోకండి. 1990లో కువైట్ యుద్ధ సమయంలో లక్షా డెబ్బై వేల మంది భారతీయులను ఎయిర్ ఇండియా ప్రధానంగా అమ్మాన్ మీదుగా ఇంటికి చేర్చింది. ఆ విమానం దిగి వచ్చిన తెలుగువారి ఇళ్ళలో ఎవరినైనా ఎయిర్ ఇండియా గురించి అడిగి చూడండి. భోజనం గురించి ఎన్నయినా అంటారు, ఆ విమానాన్ని మాత్రం ఒక మాట అననివ్వరు. ఆజీది అభిమానమే, అందులో మొండితనం పాలు కూడా ఉన్నదని నా నమ్మకం. ఈసారి పెట్టెలు మోయడానికి ఒకరిని తోడు పంపండి, వాదన కంటే అది ఉపయోగపడుతుంది.

ప్రశ్న: ఎల్ అల్ విమానాలు శనివారం ఎగరవని విన్నాను. నష్టం వస్తుందని తెలిసీ ఎందుకు ఆపుతారు? యూదులందరూ దీన్ని ఒప్పుకుంటారా?
– ఒక పాఠకురాలు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడే దాకా యూదుల విశ్రాంతి దినం. 1982లో మెనాకెం బెగిన్ ప్రభుత్వం ఆ సమయంలో ఎల్ అల్ విమానాలు నడపరాదని నిర్ణయించింది. అందరూ ఒప్పుకోలేదు, ఉద్యోగులే గట్టిగా వ్యతిరేకించారు. మతాచారం పాటించే కుటుంబాలు మాత్రం ఆ ఒక్క కారణంతోనే ఈ సంస్థను ఎంచుకుంటాయి. అది గుడ్డి విధేయత కూడా కాదు. 2006 చివరలో ఒక సమ్మె తరువాత పేరుకుపోయిన ప్రయాణికులను చేర్చడానికి శనివారం విమానాలు నడిపితే, నిష్ఠాపరులైన యూదులు ఆ సంస్థను బహిష్కరించారు. 2007 జనవరిలో ఒప్పందం కుదిరాకే తిరిగి వచ్చారు. పైన చెప్పిన ఇథియోపియా తరలింపు శుక్ర, శనివారాలలోనే జరిగింది, దానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. ప్రాణం కాపాడవలసి వచ్చినప్పుడు విశ్రాంతి నియమం అడ్డురాదని వారి ధర్మశాస్త్రం.

బెనె ఇజ్రాయెల్ వారికి ఇది మరీ దగ్గరి విషయం. కొంకణ తీరంలో వారి పూర్వులు గానుగ ఆడించి నూనె తీసేవారు. శనివారం గానుగ ఎద్దును విప్పి పని ఆపేవారు కాబట్టి చుట్టుపక్కల వారు వారిని ‘శనివార్ తేలీ’ అని పిలిచారు. ఆ వారపు బేరం పోయినా గానుగ ఆపినవారి మనవలకు, విమానం ఆగడం వింతగా తోచదు.

ప్రశ్న: ఆ సంస్థ ఇప్పుడు ప్రైవేటుపరమైందట. ఇంకా దాన్ని ‘జాతీయ’ విమానం అనవచ్చా?
– ఒక పాఠకుడు, రాజురా

జవాబు: వాటాల అమ్మకం 2003లో మొదలైంది, తరువాత యాజమాన్యం ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2020లో అది మరోసారి మారింది. ఇటీవలి యుద్ధకాలంలో పోటీ తగ్గి టికెట్ ధరలు పెరిగాయని ఇజ్రాయెల్‌లోనే గట్టి విమర్శలు వచ్చాయి, ఆ విమర్శ అన్యాయం కాదు. అయినా ప్రభుత్వం ఒక ప్రత్యేక వాటాను తన దగ్గరే ఉంచుకున్నది. దేశానికి అత్యవసరం వస్తే విమానాలు అందుబాటులో ఉండేలా చూసే హక్కు ఆ వాటా ద్వారానే దక్కుతుంది. బల్లార్షా ఆజీ ‘ఆపల’ అన్నది కాగితం మీద ఇప్పుడు ఆ ఒక్క వాటా మేరకే నిజం.