బాబ్ ఫాస్టర్, మైకేల్ స్పింక్స్ తలపడి ఉంటే?

ప్రశ్న: లైట్ హెవీవెయిట్ ఛాంపియన్లు బాబ్ ఫాస్టర్, మైకేల్ స్పింక్స్ ఇద్దరూ మంచి ఊపులో ఉండగా 15 రౌండ్ల పోటీలో తలపడి ఉంటే ఎవరు గెలిచేవారు? హెవీవెయిట్ ఛాంపియన్ ల్యారీ హోమ్స్‌నే ఓడించిన స్పింక్స్ ముందు, ఫ్రేజియర్, అలీల చేతుల్లో చిత్తయిన ఫాస్టర్ నిలవలేడని నా మిత్రులు అంటున్నారు. ఇది సబబేనా?

జవాబు: సబబు కాదు. 1970లో జో ఫ్రేజియర్ రెండో రౌండ్లోనూ, 1972లో మహమ్మద్ అలీ ఎనిమిదో రౌండ్లోనూ ఫాస్టర్‌ను నాకౌట్ చేసిన మాట నిజమే గానీ, వారిద్దరూ ఆయనకంటే బాగా బరువైనవారు. 1985లో హోమ్స్‌ను ఓడించడానికి స్పింక్స్ కూడా బరువు పెంచుకునే బరిలోకి దిగాడు. మనం ఊహిస్తున్నది లైట్ హెవీవెయిట్ పరిమితి అయిన 175 పౌండ్లకు, అంటే సుమారు 79 కిలోలకు లోబడిన పోటీ కనుక, ఆ బరువులో ఎవరేం చేశారన్నదే ఇక్కడ లెక్కలోకి వస్తుంది.

ఆ బరువులో స్పింక్స్‌ను ఓడించినవారే లేరు. 1981లో ఎడీ ముస్తఫా మహమ్మద్‌పై 15 రౌండ్లు పోరాడి టైటిల్ గెలిచాడు. 1983లో అట్లాంటిక్ సిటీలో డ్వైట్ మహమ్మద్ ఖావీని పాయింట్లపై ఓడించి తిరుగులేని ఛాంపియన్ అయ్యాడు. అయితే పొట్టివాడైన ఖావీని దూరంగా నిలిపి ఉంచడానికి ఆయనకు తోడ్పడిన పొడవైన చేతులు, దాదాపు ఆరడుగుల మూడంగుళాల ఫాస్టర్ ఎదుట ఏ ప్రత్యేకతా కావు. ఫాస్టర్ జాబ్ (ముందు చేతితో సూటిగా విసిరే దెబ్బ) అంతే దూరం నుంచి వస్తుంది, పైగా దాని వెనుకనే ఎడమ హుక్ (చేతిని వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ) ఉంటుంది. 1968లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో డిక్ టైగర్‌ను నాలుగో రౌండ్లో పడగొట్టింది ఆ హుక్కే. అంతకుముందు నాకౌట్ అన్నదే ఎరుగని టైగర్ వంటి గట్టివాడు అలా కూలిపోవడం ఈ విభాగం చరిత్రలోనే అరుదైన ఘట్టమని నా నమ్మకం.

స్పింక్స్‌కు దారి లేదని కాదు. ఫాస్టర్ నిటారుగా నిలబడి, ఎడమ చేతిని కిందికి దించి ఆడేవాడు. ఎప్పుడు, ఏ కోణం నుంచి వస్తుందో అంతుపట్టని స్పింక్స్ కుడి చేతి దెబ్బకు ఆ ఖాళీ చాలు. ప్రత్యర్థి లయ తప్పించి ఆడడంలో స్పింక్స్‌కు సాటి వచ్చేవారు తక్కువ కనుక మొదటి మూడు నాలుగు రౌండ్లు ఆయనవే కావచ్చు.

అయినా నా మొగ్గు ఫాస్టర్ వైపే, అందుకు 1972లో లండన్‌లో క్రిస్ ఫినెగన్‌తో జరిగిన పోటీయే కారణం. ఎడమచేతి వాటం గల ఫినెగన్ చురుగ్గా కదులుతూ, ఎదురుదెబ్బలు కొడుతూ ఫాస్టర్‌ను చాలాసేపు ఇబ్బంది పెట్టాడు. చివరికి 14వ రౌండ్లో నాకౌట్ అయ్యాడు. దెబ్బలోని పదును చివరి రౌండ్ల దాకా మిగిలి ఉండే బాక్సర్‌కు పాయింట్లలో కొంత వెనుకబడడం పెద్ద ప్రమాదం కాదు. స్పింక్స్ ఎంత నేర్పుగా తప్పించుకున్నా, 15 రౌండ్లలో ఒక్కసారైనా ఆ హుక్ అందే దూరంలోకి రాక తప్పదు. తొమ్మిదో రౌండ్ తర్వాత, హోరాహోరీగా సాగుతున్న పోటీలో ఫాస్టర్ నాకౌట్‌తో గెలిచేవాడని నా అంచనా.