డియర్ అన్నారని మురిసిపోకు చెల్లీ, రేటు అడుగు

చెల్లీ, షెఫీల్డ్‌లో ఇల్లు చూపించిన పెద్దావిడ "ఇట్స్ ఎ డియర్ హౌస్ టు రన్" అందనీ, ఇల్లంటే ఆమెకు అంత ప్రేమ కదా, డిపాజిట్ కట్టెయ్యనా అక్కా అనీ అడిగావు. ఇప్పుడే కట్టకు. ఆ ఇంటికి ఖర్చెక్కువని ఆమె నీ మంచి కోరి చెప్పింది. ఇంగ్లండ్ ఉత్తరాన, స్కాట్లండ్‌లో, ఐర్లండ్‌లో పెద్దవాళ్ళు వస్తువు గురించో అద్దె గురించో మాట్లాడుతూ డియర్ అన్నారంటే పిరం అని అర్థం. కూరగాయల బండి దగ్గర అమ్మ "టమాట పిరమైంది" అంటుందే, అదే.

ఈ అర్థం నాకు లీడ్స్‌లో మొదటి చలికాలం నేర్పింది. మేము అద్దెకు దిగింది విక్టోరియా రాణి కాలం నాటి వరస ఇల్లు. ఎత్తయిన పైకప్పు, వీధి వైపు నిలువెత్తు కిటికీ, అద్దె మాత్రం తక్కువ. సామాను దించుకుంటుంటే పక్కింటి ముసలావిడ వచ్చి, "లవ్లీ రూమ్స్, బట్ డియర్ టు హీట్, లవ్" అంది. ఎంత ఆప్యాయంగా మాట్లాడిందో అని ఆ రాత్రే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. నవంబర్‌లో అసలు సంగతి తెలిసింది. ఆ ఇంట్లో గ్యాస్‌కు ప్రీపేమెంట్ మీటర్. కార్డు పట్టుకుని వీధి చివర కొట్టుకు వెళ్ళి డబ్బు వేయించుకురావాలి, మెట్ల కింద అరలోకి దూరి మీటర్‌లో కార్డు గుచ్చాలి. అంకె పెరిగిందని హాయిగా పడుకుంటే తెల్లారేసరికి అది మళ్ళీ కిందికి దిగేది. వేడంతా పైకప్పు దగ్గరే ఆగిపోయేది, కిటికీ సందుల్లోంచి చలిగాలి కొట్టేది. కోటు వేసుకునే వంట చేసేదాన్ని. డబ్బు అయిపోతే ఎమర్జెన్సీ క్రెడిట్ అని కొంత ఇస్తారు గానీ అదీ అప్పే, తర్వాత వేసిన డబ్బులోంచి ముందు దాన్నే పట్టుకుంటారు. వేసవిలో హీటింగ్ ముట్టుకోకపోయినా కనెక్షన్ ఉన్నందుకు వేసే స్టాండింగ్ ఛార్జి రోజూ పడుతూనే ఉంటుంది. అద్దె, గ్యాస్ కలిపి లెక్కేస్తే పక్క వీధిలో పిరమని వదిలేసిన కొత్త ఫ్లాటే మాకు చవక. ఆ చలికాలమంతా ఇంటికి పంపే డబ్బు తగ్గింది. ఎందుకు తగ్గిందని నాన్న ఒక్కసారీ అడగలేదు. అడిగినా బాగుండేదనిపించేది.

ఇక్కడ ఊరి లైబ్రరీలో ఎంతసేపు కూర్చున్నా ఎవరూ డబ్బు అడగరు, పైగా వెచ్చగా ఉంటుంది. నువ్వూ వెతుక్కుని పెట్టుకో. ఆ రోజుల్లో సాయంత్రాలు అక్కడే గడిపి ఈ మాట పుట్టుపూర్వోత్తరాలన్నీ చదివాను. డియర్ వయసు వెయ్యేళ్ళ పైమాటే. పాత ఇంగ్లీషులోని 'డేఓరె' నుంచి వచ్చింది. విలువైనది, ఖరీదైనది, ఇష్టమైనది అన్న అర్థాలు అప్పటికే అందులో ఉన్నాయి. డార్లింగ్ కూడా అందులోంచి పుట్టిందే. జర్మనీలో చదివే మన పిల్లల్ని అడుగు, అక్కడ 'టోయర్' అంటే ఖరీదు. డచ్ వాళ్ళకూ, స్వీడన్, డెన్మార్క్, నార్వే వాళ్ళకూ 'డ్యూర్' అంటే ఖరీదే. అవన్నీ దీని చుట్టాలు. షేక్‌స్పియర్ హామ్లెట్ చేత "డియరెస్ట్ ఫో" అనిపించాడు, అంటే బద్ధశత్రువు. కఠినమైనది అనే అర్థంతో ఇలాగే వినిపించే పాత మాట ఇంకొకటి ఉండి, ఇందులో కలిసిపోయింది. దాంతో మనకిప్పుడు పని లేదు.

మనకు పనికొచ్చేది డర్త్. వార్మ్ నుంచి వార్మ్‌త్ వచ్చినట్టే డియర్ నుంచి డర్త్ వచ్చింది. మాట కట్టు చూస్తే దానర్థం ధర పెరగడమే. గింజల ధర మండితే పేదవాడి కంచంలోకి రావు కాబట్టి కరువుకు ఆ పేరు పడింది. తర్వాత ఏ కొరతకైనా అదే మాట వాడుతున్నారు. 1776లో ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ "డియర్ ఇయర్స్" అని రాసింది తిండిగింజలు పిరమైన ఏళ్ళ గురించే. ఈ అర్థం బ్రిటిష్ దొరతనంతో మన దేశానికీ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ప్రభుత్వ ఉద్యోగులకు డియర్ ఫుడ్ అలవెన్స్ ఇచ్చేవారు, తర్వాత అదే డియర్‌నెస్ అలవెన్స్ అయింది. మన డీఏ! తెలుగు పేపర్లు దాన్ని కరువు భత్యం అంటాయి. మా నాన్న బడిపంతులు. డీఏ పెంచారా లేదా అని పేపర్ వెతికే ఇంట్లోనే పెరిగాను, మీ ఇంట్లోనూ అంతే అయ్యుంటుంది. తెలుగులో కూడా ఉత్తరం 'ప్రియమైన' అని మొదలుపెడతాం, పేపర్‌లో 'పెట్రోలు మరింత ప్రియం' అని చదువుతాం. నువ్వు కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు, విన్నప్పుడు గుర్తుకు రావాలంతే.

గుర్తుపట్టడం కష్టం కాదు. "డియర్ ఓల్డ్ హౌస్" అన్నా, "డియర్ టు మీ" అన్నా ప్రేమ. "ఎ బిట్ డియర్", "టూ డియర్", "డియర్ టు రన్", "డియర్ టు హీట్" అంటే డబ్బు. బ్యాంకుల వాళ్ళు "డియర్ మనీ" అంటే వడ్డీ ఎక్కువని. కుర్రకారు దీన్ని పెద్దగా వాడరు, ఎక్స్‌పెన్సివ్ అనేస్తారు. కానీ ఇల్లు అద్దెకిచ్చేదీ, సంతలో అమ్మేదీ ఎక్కువగా పెద్దవాళ్ళే.

ఉత్తరాల్లో వచ్చే డియర్‌కు అసలు ఏ అర్థమూ లేదు. డబ్బు బాకీ ఉన్నావు, వెంటనే కట్టు అనే కాగితం కూడా డియర్ అనే మొదలవుతుంది. మీ తరం ఫోన్‌లో వచ్చింది తప్ప చదవరు. ఇక్కడ కవరు తెరవకుండా పక్కన పెడితే ఫైన్ పడొచ్చు. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లయితే కౌన్సిల్ టాక్స్, అంటే ఊరి కౌన్సిల్‌కు కట్టే ఇంటి పన్ను, ఉండదు గానీ యూనివర్సిటీ కాగితం మనమే చూపించాలి. ఆ వివరాలు కౌన్సిల్ సైట్‌లో ఉంటాయి, చూసుకో.

మన వాళ్ళకు ఇంకో అలవాటు ఉంది. చాట్‌లో "ఓకే డియర్", "థాంక్యూ డియర్" అనేస్తాం. ఆఫీసులో అది వద్దు. ఆడవాళ్ళను తక్కువ చేసినట్టు వినిపిస్తుంది. 2011లో ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్ పార్లమెంటులో ప్రతిపక్ష సభ్యురాలు ఆంజెలా ఈగిల్‌ను "కామ్ డౌన్, డియర్" అన్నాడని ఎంత గొడవైందో! మెయిల్‌లో డియర్ పక్కన పేరు రాయి, పేరు లేకుండా ఉత్త డియర్ రాయకు.

ఇక నీ ఇంటి సంగతి. డిపాజిట్ రూల్స్ ప్రభుత్వ సైట్‌లో ఉన్నాయి. ఇల్లు కరెంటు, గ్యాస్ ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే ఎనర్జీ సర్టిఫికెట్ ఉంటుంది, ఎ నుంచి జి దాకా అక్షరాలిస్తారు. ఎ దగ్గరికి ఉంటే మంచిది, ఇ అంటే ఆలోచించు. మీటర్ ప్రీపేమెంటా, నెలవారీ బిల్లా కనుక్కో. రేపు ఆ పెద్దావిడకు ఫోన్ చేసి, పోయిన జనవరిలో గ్యాస్‌కు ఎంతయిందని సూటిగా అడుగు. అడగకుండానే డియర్ అని చెప్పిన మనిషి, అడిగితే అంకె కూడా చెప్తుంది. ఆ అంకె, అద్దె, నీ పార్ట్‌టైమ్ జీతం మూడూ నాకు రాసి పంపు. లెక్క వేసి చెప్తాను. అప్పటిదాకా దేనిమీదా సంతకం పెట్టకు.