ప్రశ్న అడిగితే అదే ప్రశ్న తిరిగి అనే బాబు గురించి

గాజువాక చెల్లెమ్మా, మీ మూడేళ్ల బాబు అడిగిన మాటే తిరిగి అంటున్నాడని, కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకుని ఏడుస్తాడని, అత్తగారేమో "మగపిల్లలకి మాటలు ఆలస్యమే" అంటున్నారని రాశారు. ఆలస్యం సంగతి ఎలా ఉన్నా, మీరు చెప్పిన లక్షణాలను డాక్టర్‌కి చూపించాల్సిందే. అది ఆటిజమా (మాట, నలుగురితో కలవడం, శబ్దాల్లాంటివి తట్టుకోవడం మిగతా పిల్లలకంటే వేరుగా ఉండే ఎదుగుదల తీరు) కాదా అన్నది వాళ్లే తేల్చాలి.

ముందు ఒక మాట. అలా తిరిగి అనడం వెక్కిరింపు కాదు. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం గురించి రాసిన తొలి వ్యాసంలోనే ఇది ఉంది. "నీళ్లు కావాలా?" అంటే వాడూ "నీళ్లు కావాలా?" అంటే, చాలాసార్లు అది నీళ్లు అడగడమే. అందుకే ప్రశ్న మానేయండి. వాడి కళ్లకి ఎదురుగా కూర్చుని, గ్లాసు చూపిస్తూ, వాడు అనాల్సిన మాట మీరే అనండి: "నీళ్లు కావాలి." కాస్త ఆగండి. "నీ..." అన్నా, చెయ్యి చాపినా వెంటనే ఇచ్చేయండి. అనేదాకా దాహంతో ఉంచొద్దు, పాపం.

చెవులు మూసుకోవడం మొండితనం కాదు, ఆ శబ్దం వాడికి నిజంగా భరించలేనంతగా ఉంటుంది. విజిల్ వచ్చే ముందే చెప్పి, వేరే గదిలోకి తీసుకెళ్లండి. బీచ్‌కి కూడా జనం లేని పొద్దున పూటే వెళ్లండి.

ఇంట్లో తెలుగే మాట్లాడండి, ఇంగ్లిష్ కోసం మానొద్దు. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగంలో చూపించి, వినికిడి పరీక్ష కూడా అడగండి. థెరపీ మొదలుపెట్టడానికి చివరి నిర్ధారణ వచ్చేదాకా ఆగనక్కర్లేదు.